ట్రయల్స్ పోటీల్లో క్లాసులు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ చుట్టుపక్కల గుట్టల మీద కుర్రాళ్లకు ట్రయల్స్ రైడింగ్, అంటే కాలు కింద పెట్టకుండా బైకును రాళ్లూ బండలూ దాటించడం, నేర్పుతుంటాను. బండి ముట్టుకోకముందే క్లాసు గురించి, అంటే పోటీలో ఏ స్థాయిలో దిగాలని, అడుగుతారు. "అన్నా, కాలేజీ నుంచి బుల్లెట్ నడుపుతున్న, సీదా ఎక్స్‌పర్ట్‌ల ఎయ్యి" అని.

అపోహ: రోడ్డు మీద అనుభవం ఉంటే పై క్లాసులో దిగొచ్చు.

వాస్తవం: ట్రయల్స్‌లో స్పీడుకు పని లేదు. రాళ్ల మధ్య గుర్తులు పెట్టిన చిన్న దారిని సెక్షన్ అంటాం. కాలు కింద పెట్టకుండా దాటితే సున్నా. ఒకసారి పెడితే 1, రెండుసార్లకు 2, ఆపైన ఎన్నిసార్లయినా 3. పడిపోయినా, హద్దు దాటినా 5. తక్కువ పాయింట్లున్నవాళ్లదే గెలుపు. బండి బరువు 70 కిలోల దరిదాపుల్లో ఉంటుంది, కూర్చోవడానికి సీటుండదు. బుల్లెట్ అలవాటు ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు.

అపోహ: క్లాసు అంటే ఇంజిన్ సీసీ.

వాస్తవం: క్లబ్ పోటీల్లో ఎక్కువగా చూసేది నైపుణ్యమే. సెక్షన్ ఒకటే అయినా ఒక్కో క్లాసుకు ఒక్కో రంగు గుర్తులతో దారి వేరు. నడుమెత్తు బండ ఒకటి ఉందనుకోండి. నోవిస్, అంటే కొత్తవాళ్ల క్లాసువాడు, దాని పక్కనుంచి మట్టిలో తిరిగి పోతాడు. ఇంటర్మీడియట్, అంటే నడిమి క్లాసువాడు, వాలుగా ఉన్న అంచు మీదుగా ఎక్కాలి. ఎక్స్‌పర్ట్ మాత్రం ఎదురుగా నిటారుగా ఎక్కి, పైన బండి పట్టేంత జాగాలోనే మళ్లాలి. కంగారులో వేరే రంగు గుర్తుల మధ్య దూరితే, కాలు పెట్టకపోయినా 5 పడుతుంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనూ ట్రయల్ జీపీ, ట్రయల్ 2 అని అంచెలున్నాయి.

అపోహ: కింది క్లాసులో గెలవడం తేలిక.

వాస్తవం: టెన్షన్ అక్కడే ఎక్కువ. దారి సులువు కాబట్టి చాలామందికి సున్నాలే వస్తాయి. ఒక్కసారి కాలు జారితే నాలుగైదు స్థానాలు కిందికి పోవచ్చు. పాయింట్లు సమానమైతే సాధారణంగా ఎవరికి సున్నాలు ఎక్కువో చూస్తారు.

అపోహ: పై క్లాసులో దిగితేనే తొందరగా నేర్చుకుంటాం.

వాస్తవం: ఇదంతా ఇజ్జత్ గోల. మొదటి బండ దగ్గరే పడిపోయేవాడికి దాని తర్వాతి మలుపు ఎప్పుడు వస్తుంది? పైగా మన గ్రానైట్ మోకాళ్లను వదలదు. నా లెక్క ఇది: సగానికి పైగా సెక్షన్లలో 5 వస్తుంటే ఒక మెట్టు దిగాలి. అన్నీ సున్నాలూ ఒకట్లే అయితే పైకి పోవాలి, కింద కప్పులు ఏరుకుంటూ కూర్చోకూడదు.

అపోహ: పెద్ద రైడర్లు చూడగానే ఎక్కేస్తారు.

వాస్తవం: 2007 నుంచి 2024 దాకా ఏటా ప్రపంచ టైటిల్ కొట్టిన స్పెయిన్ రైడర్ టోనీ బౌ కూడా ముందు సెక్షన్‌ను నడిచి చూసుకుంటాడు. మీరూ మీ రంగు గుర్తుల వెంట నడవండి. ఏ రాయి కదులుతోందో, ముందు టైరు ఎక్కడ ఆనాలో కాళ్లకే తెలుస్తుంది.