ఏది ముందు విప్పాలి, ఎక్కడ ఆపాలి

పాడైపోయిన ల్యాప్‌టాప్‌ని ఎప్పుడైనా విప్పి చూశారా? అడుగు మూత తీయగానే అన్నీ కళ్ల ముందే ఉంటాయి, అయినా చెయ్యి ఆగిపోతుంది. బ్యాటరీ రావాలంటే దాని మీదుగా వెళ్లే కేబుల్ ఊడదీయాలి, మదర్‌బోర్డు రావాలంటే ముందు ఫ్యాన్ తీయాలి, ఆ ఫ్యాన్ స్క్రూ ఒకటి ఇంకో పట్టీ కింద దాక్కుని ఉంటుంది. పాత వస్తువుల్ని రీసైక్లింగ్ కోసం విప్పేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అనే ఈ లెక్క మీద పరిశోధకులు దశాబ్దాలుగా పని చేస్తున్నారు.

లెక్క చిన్నదేం కాదు. ఏ భాగం దేనికీ అడ్డం లేదనుకుంటే 10 భాగాలను విప్పడానికి 36,28,800 వరసలుంటాయి, 20 భాగాలైతే ఆ సంఖ్యకి 19 అంకెలు. మూత తీయకుండా లోపలిది రాదు కాబట్టి చాలా వరసలు ముందే ఎగిరిపోతాయి, కానీ మిగిలినవి కూడా కంప్యూటర్‌తో ఒక్కొక్కటీ చూడలేనన్ని ఉండొచ్చు. అందుకే చీమలు దారి వెతుక్కునే తీరును అనుకరించే పద్ధతుల్లాంటివి వాడతారు.

నాకు మాత్రం వరస కన్నా ముఖ్యంగా అనిపించేది ఎక్కడ ఆపాలన్న ప్రశ్న. ప్రతి స్క్రూకీ సమయం పడుతుంది, సమయం అంటే ఖర్చు. ప్రమాదకరమైన బ్యాటరీ, విలువైన సర్క్యూట్ బోర్డు వచ్చేశాక, ఇంకో భాగం తీస్తే వచ్చే రాబడి తీసే ఖర్చు కంటే తక్కువైపోయే చోటు ఒకటి వస్తుంది. అక్కడితో ఆపి, మిగిలినదాన్ని ముక్కలు చేసే యంత్రంలో వేస్తారు.

అసలు మొదటే అన్నీ ఆ యంత్రంలో వేసేస్తే పోలా? లిథియం బ్యాటరీ నలిగితే మంటలు లేస్తాయి. హార్డ్ డిస్క్‌లో నియోడిమియం అనే లోహంతో చేసిన అయస్కాంతం పొడిపొడి అయి ఇనప ముక్కలకు అతుక్కుపోతుంది, ఆ ఇనుముతో పాటే కొలిమిలోకి పోతుంది, అంత కష్టపడి గనుల్లోంచి తీసిన లోహం ఇక దొరకదు. మోటారు చుట్టలోని రాగి తుక్కు ఉక్కులో కలిస్తే దాన్ని మళ్లీ వేరు చేయడం దాదాపు అసాధ్యం, పైగా అలాంటి ఉక్కు వేడిగా సాగదీసేటప్పుడు పగుళ్లిస్తుంది. ఒకసారి కలిసిపోయాక ఏ రసాయనమూ తేలిగ్గా విడదీయలేనిదాన్ని ముందే ఒక స్క్రూడ్రైవర్ విడదీయగలదు, నన్ను ఈ విషయానికి కట్టిపడేసింది అదే.

ఫ్యాక్టరీలో బిగించేటప్పుడు భాగాలన్నీ కొత్తవి, ఒకేలా ఉంటాయి. విప్పడానికి వచ్చేవి అలా ఉండవు: ఒకదానికి తుప్పు, ఒకదాని స్క్రూ తల అరిగిపోయి ఉంటుంది, ఇంకోదానిలో ఎవరో రిపేరు చేసి భాగమే మార్చేసి ఉంటారు. కాబట్టి మంచి ప్లాన్‌లో 'రాకపోతే ఏం చేయాలి' అన్నది కూడా ఉండాలి, అవసరమైతే కోసేయాలి. 2018లో యాపిల్ చూపించిన డైసీ అనే రోబో గంటకు 200 ఐఫోన్లు విప్పగలదు, జిగురుతో అంటించిన బ్యాటరీని అతి చల్లని గాలితో విడిపిస్తుంది. కానీ అది తనకు తెలిసిన మోడళ్లనే విప్పగలదు. 2022లో ప్రపంచం పారేసిన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే.

నిజానికి సగం ప్లాన్ డిజైనర్ బల్ల మీదే ఖాయమైపోతుంది, జిగురా స్క్రూనా అన్నప్పుడే. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకోగలగాలి. ఇంకో ఆలోచన కూడా ఉంది: వేడి చేస్తే ఒంటి మీది మెలికల గాళ్లు చదునైపోయే ప్లాస్టిక్ స్క్రూలు. కొలిమిలో కాదు, కాస్త వేడి గాలిలో పెడితే చాలు, వస్తువు దానంతటదే ఊడిపోతుంది. అయితే ఆ వేడి, ఎండలో తలుపులేసి వదిలేసిన కారు లోపలి వేడి కంటే ఎక్కువగా ఉండేలా చూసుకోవాలి.