కషాయం కొట్టినా అగ్గి తెగులు ఎందుకు ఆగలేదు? అపోహలు - వాస్తవాలు

అక్టోబరు వచ్చిందంటే నా ఫోన్ నిండా వరి ఆకుల ఫొటోలే. కింద ఒకటే ప్రశ్న: "సార్, దీనికి ఏ కషాయం కొట్టమంటారు?" మా మడిలో నేనూ కషాయాలు వాడతాను. వాడుతున్నాను కాబట్టే కొన్ని నమ్మకాల గురించి చెప్పాలి.

అపోహ: వేప కషాయం అన్ని తెగుళ్ళకూ మందు.
వాస్తవం: వేపగింజల్లోని అజాడిరక్టిన్ ముఖ్యంగా పురుగుల పని పడుతుంది. తిండి మాన్పిస్తుంది, ఎదగనివ్వదు. వేపకు, వెల్లుల్లికి బూజును అణిచే గుణం కొంత ఉన్నమాట నిజమే. ల్యాబ్‌లో గాజు పళ్ళెంలో బాగానే పనిచేస్తాయి కూడా. కషాయం కలిపిన మేత తప్ప అక్కడ బూజుకు మరో దిక్కు లేదు మరి. పొలంలో ఎండకు అజాడిరక్టిన్ విరిగిపోతుంది, మిగిలింది వాన కడిగేస్తుంది. అందుకే సాయంత్రం పూట కొట్టమంటాం.

అపోహ: మచ్చలు కనిపించాక కొట్టినా సరిపోతుంది.
వాస్తవం: ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. వరికి అగ్గి తెగులు తెచ్చేది ఒక బూజు. దాని బీజం మంచు తడిలో మొలకెత్తి, ఆకును కరుచుకుని నల్లటి చిన్న బుడగ కడుతుంది. అందులో ఒత్తిడి కారు టైరులో గాలికి 30 రెట్ల పైమాటే. ఆ బలంతో ఆకును పొడుచుకుని లోపలికి దూరుతుంది. అగ్గి తెగులుకు కొట్టే బూజు మందు ట్రైసైక్లజోల్ చేసేదల్లా ఆ బుడగకు నల్లరంగు పట్టకుండా ఆపడం. రంగు లేకపోతే ఒత్తిడి నిలవదు. కషాయానికి ఉన్న అవకాశం కూడా ఆకు పైన ఉన్నంతసేపే. నూలు కండె ఆకారంలో మచ్చ తేలిందంటే బూజు లోపల కాపురం పెట్టేసినట్టే. ఇక తెగులు వెన్ను మెడకు పాకి మెడవిరుపు వచ్చి వెన్ను వాలిపోయాక దేనితోనూ నిలబెట్టలేం. సాంబ మసూరి వేసినవాళ్ళు, అందులోనూ యూరియా దండిగా చల్లినవాళ్ళు, రాత్రిళ్ళు చల్లబడి పొద్దున్నే ఆకుల మీద మంచు నిలిచే రోజుల్లో మచ్చ కోసం ఎదురుచూడకూడదు.

అపోహ: పైనుంచి బాగా తడిపితే పాముపొడ తెగులు పోతుంది.
వాస్తవం: ఒక ఏడాది నేనూ అలాగే కొట్టాను. తర్వాత దుబ్బు విడదీసి చూస్తే లోపల పొడిగా ఉంది. పాముపొడ తెచ్చే బూజు ఆవగింజంత గట్టి ఉండలుగా మట్టిలో ఉండి, నీళ్ళ మీద తేలుతూ వచ్చి పిలకలకు అంటుకుంటుంది. నాజిల్ దుబ్బు మొదట్లోకి పోవాలి. గట్ల మీద గడ్డి కూడా తీసేయాలి.

అపోహ: ఆకులతో చేసింది, ఒంటికేం కాదు.
వాస్తవం: కషాయాల్లో వేసే ఉమ్మెత్త విషం. పొగాకు కషాయంలోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి.

అపోహ: ఆకు ఎండితే బూజు తెగులే.
వాస్తవం: బ్యాక్టీరియా ఎండాకు తెగులు కూడా కావచ్చు. దానికి బూజు మందు కొడితే డబ్బు దండగ. పొద్దున్నే తెగులు సోకిన ఆకును పచ్చి భాగం దగ్గర కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి నిలబెట్టండి. కాసేపటికి కోసినచోట నుంచి పాలలాంటి తెల్లటి ధార దిగితే అది బ్యాక్టీరియా. నాకు ఆకు ఫొటోతోపాటు ఆ గ్లాసు ఫొటో కూడా పంపండి.