పెళ్లి కోసం జ్ఞానస్నానం: అపోహలు, వాస్తవాలు

మా కతోలిక విచారణలో (పారిష్‌లో) జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, కోరే వయోజనులకు జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశిని కావడం వల్ల, మాఘమాసపు ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే నాకు ఒకే రకమైన ఫోన్లు వస్తుంటాయి. "అబ్బాయి హిందువండీ, అమ్మాయి మన సంఘమే. తపస్సు కాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) రాకముందే పెళ్లి అయిపోవాలి. ఈలోగా ఒక ఆదివారం చూసి జ్ఞానస్నానం ఇప్పించేస్తే సరిపోతుంది కదా?" అని అడుగుతారు. ఆ "ఇప్పించేస్తే" అన్న మాట దగ్గరే నా ఓపిక సన్నగిల్లుతుంది.

అపోహ: కతోలికులను పెళ్లి చేసుకోవాలంటే రెండోవారు తప్పనిసరిగా జ్ఞానస్నానం పొందాలి.

వాస్తవం: అవసరం లేదు. జ్ఞానస్నానం పొందనివారితో కతోలికుల వివాహానికి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలో ఆటంకం ఉన్న మాట నిజమే. అయితే సహేతుకమైన కారణం ఉన్నప్పుడు ఆ ఆటంకాన్ని తొలగించే అధికారం మేత్రాణులకు (బిషప్పులకు) ఉంది. మనవాళ్లు డిస్పెన్సేషన్ అనేది దీన్నే. దరఖాస్తు విచారణ గురువుల (పారిష్ ఫాదర్) ద్వారా వెళ్తుంది. కతోలిక పక్షం వారు తమ విశ్వాసాన్ని విడిచిపెట్టబోమని, పుట్టబోయే పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి చేతనైనంతా చేస్తామని మాట ఇవ్వాలి. రెండోవారు ఏ ప్రమాణమూ చేయనక్కరలేదు. వీరిచ్చిన మాట సంగతి వారికి తెలిసి ఉంటే చాలు. ఆ పెళ్లి గుడిలోనే, గురువుల సమక్షంలోనే జరుగుతుంది. సాధారణంగా దివ్యబలిపూజ (మాస్) లేకుండా, వాక్య పఠనాలతో జరిపిస్తారు. అది ఏ రకంగానూ తక్కువ పెళ్లి కాదు.

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం ఒక యువకుడు ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని వచ్చాడు. అందులో ఆధార్ నకళ్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పైన శుభలేఖ ఉన్నాయి. పెళ్లికి ఇరవై రెండు రోజుల గడువుంది. "ఏవేవి కంఠస్థం చేయాలి సార్?" అన్నది అతని మొదటి ప్రశ్న. ఎందుకు జ్ఞానస్నానం కావాలనుకుంటున్నావని అడిగితే చాలాసేపు నేల చూసి, "మా అమ్మకు తెలియకుండా జరిగిపోవాలి సార్, తెలిస్తే పెళ్లికి రాదు" అన్నాడు. అమ్మాయి తరఫు పెద్ద ఒకాయన, నీళ్లు పడకపోతే గురువులు తాళి ముట్టనివ్వరని అతన్ని భయపెట్టాడట. నేను అతన్ని నేరుగా గురువుల దగ్గరికి తీసుకెళ్లాను. డిస్పెన్సేషన్ వచ్చింది, అనుకున్న తేదీకే పెళ్లి జరిగింది, వాళ్లమ్మ ముందు వరుసలో కూర్చున్నారు. ఇప్పటికీ అతను జ్ఞానస్నానం పొందలేదు. భార్యను ప్రతి ఆదివారం బండి మీద తీసుకొచ్చి, పూజ అయ్యేదాకా వెనక బల్ల మీద కూర్చుంటాడు. నేనేమీ అడగలేదు.

ఇంకోచోట తొందరపడి జ్ఞానస్నానం పొందినవారినీ చూశాను. పెళ్లి ఫొటోల తర్వాత గుడి మెట్లెక్కనివారు కొందరైతే, తల్లిదండ్రులతో మాటలు తెగిపోయి, పోనీ ఇక్కడైనా ఊరట ఉందా అంటే ఏదీ అర్థంకాక రెంటికీ చెడిన రేవడిలా మిగిలినవారు మరికొందరు. జ్ఞానస్నానం చెరిగిపోయేది కాదు, రెండోసారి పొందేదీ కాదు. అందుకే పెద్దవారి విషయంలో శ్రీసభ చట్టం మూడింటిని కోరుతుంది: స్వయంగా కోరుకోవాలి, విశ్వాస సత్యాలూ బాధ్యతలూ తెలిసి ఉండాలి, కొంతకాలం ఆ జీవితాన్ని జీవించి చూసుకోవాలి. పాపాల పట్ల పశ్చాత్తాపపడమని కూడా బోధించాలి. ఎవరినీ బలవంతంగా విశ్వాసంలోకి తేకూడదని అదే చట్టం విడిగా చెబుతోంది. అత్తింటివారి ఒత్తిడి బలవంతం కాదని ఎవరనగలరు?

అపోహ: ఇతర క్రైస్తవ సంఘాల నుంచి వచ్చేవారు మళ్లీ జ్ఞానస్నానం పొందాలి.

మా గుంటూరు ప్రాంతంలో లూథరన్ కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. నీటితో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని శ్రీసభ గౌరవిస్తుంది. వారు విశ్వాస ప్రకటన చేసి, పాపసంకీర్తనం (కన్ఫెషన్) చేసుకుని, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) పొందితే చాలు. "యేసు నామంలో" అన్న మాటతో మాత్రమే ఇచ్చిన బాప్తిస్మం సంగతి వేరు. అక్కడ జ్ఞానస్నానం ఇవ్వాల్సిందే. కాలువలో ముంచి ఇచ్చారు, కాగితం లేదని కంగారు పడేవారికి ఒక మాట: నమ్మదగిన ఒక్క సాక్షి చెప్పినా చాలు, పెద్దయ్యాక పొంది ఉంటే మీ ప్రమాణమే చాలు.

పేరు మార్చుకోవాలన్నదీ అపోహే. క్రైస్తవ భావనకు విరుద్ధమైన పేరు కాకుండా ఉంటే చాలు. లక్ష్మణరావు లక్ష్మణరావుగానే ఉండవచ్చు. డబ్బు కట్టాలన్నది పుకారు, దాని మీద ఒక్క వాక్యం కూడా ఎక్కువే.

కుల ధ్రువపత్రం విషయం మాత్రం పుకారు కాదు, దాన్ని దాచకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు వర్తిస్తుంది. క్రైస్తవులైన ఎస్సీలను మన తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీగా లెక్కిస్తారు. ఎస్టీలకు మతంతో ముడిపెట్టిన ఈ షరతు లేదు. జ్ఞానస్నాన పత్రం బీరువాలో పెట్టుకుంటే ఎవరికీ తెలియదులే అని సలహా ఇచ్చేవారి మాట వినవద్దు. ఈ సంగతి నేను మొదటి నెలలోనే చెబుతాను. విని ఆలోచించుకుంటామని వెళ్లినవారున్నారు, వారిని నేను తప్పుపట్టను.

చివరగా, సిద్ధపాటు పూర్తికాకముందే చనిపోతే గతేమిటన్న భయం. మా విచారణలో సిద్ధపాటు ఏడాదికి తక్కువ ఉండదు. తపస్సు కాలపు తొలి ఆదివారం అభ్యర్థులను స్వీకరించే ఎన్నిక వేడుక, మూడు, నాలుగు, ఐదో ఆదివారాల్లో వారి ఆత్మశుద్ధి కోసం పరిశోధన ప్రార్థనలు, ఆపైన ఈస్టరు ముందు రాత్రి పాస్కా జాగరణలో జ్ఞానస్నానం. డెబ్బై దాటిన ఒక మామ్మగారు మోకాళ్ల నొప్పులతోనే వస్తూ, "ఈస్టరు దాకా నేనుంటానో లేదో నాయనా, ముందే నాలుగు నీళ్లు పోయించరాదా?" అని అడిగారు. జ్ఞానస్నానార్థులు (జ్ఞానస్నానానికి సిద్ధపడుతున్నవారు) ఆ కోరికతోనే కన్నుమూస్తే వారి రక్షణకు ఆ కోరికే భరోసా అని, వారికి శ్రీసభ అంత్యక్రియలు కూడా జరుగుతాయని, ప్రాణాపాయంలో గురువులు అందుబాటులో లేకపోతే సరైన ఉద్దేశంతో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చని చెప్పాను. "ఎవరైనానా? మా మనవడైనా?" అన్నారు. అవునన్నాను. తల మీద నీళ్లు పోస్తూ "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అనాలని చెబితే, ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో నాచేత రాయించుకుని మందుల డబ్బా మూతకు అంటించుకున్నారు.