గార ఎర్రగా ఎందుకు వెలుగుతుంది?

చీపురుపల్లి

గుంటలూ,

పళ్ల డాక్టరు ఊదారంగు లైటు వేస్తే పళ్లు ఆకుపచ్చగానూ, వాటి సందుల్లో నిప్పుకణికల్లా ఎర్రగానూ కనిపించాయని, "అది రక్తమా తాతా?" అని అడిగారు. రక్తం కాదు, గార.

పాచి మెత్తన, గోటితో గీకినా వచ్చేస్తుంది. ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేటు అందులోకి దిగితే 1 నుంచి 14 రోజుల్లో గట్టిపడటం మొదలవుతుంది. అదే గార. అప్పుడిక వేపపుల్లకూ లొంగదు, బ్రష్షుకూ లొంగదు. ఉమ్మి ఊరే గ్రంథులు నోట్లోకి తెరుచుకునే చోటే ఎక్కువ పడుతుంది: కింది ముందుపళ్లకు లోపలివైపు, పై దవడపళ్లకు బుగ్గవైపు.

ఆ లైటు 405 నానోమీటర్ల ఊదా (నానోమీటర్లంటే వెలుగు అల పొడవును చెప్పే కొలత). పన్ను దాన్ని పీల్చుకుని ఆకుపచ్చ వెలుగు విడుస్తుంది. గారలోనూ ముదిరిన పాచిలోనూ బాక్టీరియా తయారుచేసిన పార్ఫిరిన్లనే రంగు పదార్థాలు ఉంటాయి. అవి 635 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతాయి. డాక్టరు పెట్టుకున్న పసుపు అద్దం ఊదాను ఆపేసి ఈ రెండు రంగులనే కంటికి వదులుతుంది.

రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ కూడా పార్ఫిరిన్ చుట్టమే. కానీ దాని నడుమ ఇనుము కూర్చుని ఆ వెలుగును చంపేస్తుంది. పైగా 405 దగ్గర వెలుగును రక్తం తెగ పీల్చుకుంటుంది. అందుకే చిగురు కారితే అక్కడ నల్లగా కనబడి, కిందున్న గార దాక్కుంటుంది. ముందు దూదితో ఒత్తి రక్తం ఆపాలి, పన్ను ఆరబెట్టాలి, గది చీకటి చేయాలి. ఆ తర్వాతే లైటు.

ఆకుల్లోని పత్రహరితమూ అదే కుటుంబం. దాని నడుమ ఇనుము కాదు, మెగ్నీషియం. కాబట్టి అదీ ఎర్రగానే వెలుగుతుంది. తోటకూర తిని పుక్కిలించకుండా కుర్చీ ఎక్కితే, లేని గార కనిపించినట్టే! మన వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలకు తిరకాసు: పొగమరక వెలుగును మింగేసి గారను దాచేస్తుంది. ఇక ఎరుపు లేదంటే పన్ను శుభ్రమని కాదు. నిన్న పట్టిన పాచి వెలగదు.

చిగురు కిందకు ఊదా వెలుగు పోదు. అక్కడికి సన్నని మొనతో 655 నానోమీటర్ల ఎర్ర వెలుగు పంపి, 680కి పైన తిరిగొచ్చేదాన్ని కొలిచే పరికరం వేరే ఉంది. తెరమీద అంకె చూపిస్తుంది. మొనను ముందు పింగాణీ బిళ్లకు ఆనించి సరిచూడాలి. అది మరిస్తే అంకెను నమ్మలేం. రక్తం, చీము, పళ్లు తోమిన పేస్టు అంటుకున్నా అంకె తప్పుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు సన్నని కొక్కెంతో తడిమి మరీ చూస్తారు. తీసేది మాత్రం లైటు కాదు, గార గీకే పనిముట్టు స్కేలరే. తీశాక మళ్లీ లైటు వేస్తే మిగిలిన చుక్కలు బయటపడతాయి.

ఇంట్లో చూడాలనుంటే తోటకూర దంచి, స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టండి. పొయ్యికి దూరంగా ఉండాలి, స్పిరిట్ అంటుకుంటుంది. చీకట్లో దొంగనోట్లు చూసే ఊదా టార్చి పెద్దవాళ్లచేత వేయించండి. ఆకుపచ్చ నీళ్లు రక్తంలా ఎర్రబడతాయి. ఆ టార్చిని కళ్లలోకీ, నోట్లోకీ మాత్రం వేయొద్దు.

మీ తాత