ఆఫీసులో డిప్రెషన్: నా క్లినిక్‌లో తరచూ వినే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఆఫీసుల నుంచి మానసిక వైద్యుడినైన నా దగ్గరకు వచ్చే తెలుగువారిలో చాలామంది దిగులు గురించి మొదట చెప్పరు. తల బరువు, నిద్ర పట్టకపోవడం, ఎన్ని మాత్రలు వేసుకున్నా తగ్గని గ్యాస్, విడవని నీరసం గురించే చెబుతారు. ఇద్దరు ముగ్గురు వైద్యులను చూశాక గానీ ఇక్కడికి రారు.

అపోహ: డిప్రెషన్ ఉన్న మనిషి ఏడుస్తూ కనిపిస్తాడు.

వాస్తవం: ఆఫీసులో అది చాలాసార్లు పనిలోనే ముందుగా బయటపడుతుంది. గంటలో ముగిసే పనికి సగం రోజు పట్టడం, ఒకే మెయిల్‌ను మళ్లీ మళ్లీ చదవడం, చిన్న నిర్ణయం దగ్గరే ఆగిపోవడం, భోజనానికి పిలిస్తే ఏదో సాకు చెప్పి సీట్లోనే ఉండిపోవడం వంటివి కనిపిస్తాయి. శుక్రవారం రాత్రి బస్సు కోసం వారమంతా ఎదురుచూసే మనిషికి ఊరు కూడా వద్దనిపిస్తుంది. దిగులుగానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగానీ ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిని, తప్పంతా తనదేనన్న భావన దాదాపు ప్రతిరోజూ రెండు వారాలపాటు వదలకపోతే వైద్యుణ్ణి కలవాలి. థైరాయిడ్ సమస్య, రక్తహీనత, బి12 లోపం కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి కనుక నేను ముందు రక్తపరీక్షలు చేయిస్తాను.

అపోహ: మనసు గట్టి చేసుకుంటే అదే పోతుంది.

వాస్తవం: గట్టి చేసుకోవడానికి కావలసిన శక్తినే ఈ జబ్బు లాగేస్తుంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవారిలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడినవారే.

అపోహ: మందులు మొదలుపెడితే జీవితాంతం మానలేము.

వాస్తవం: ఈ భయంతో పది రోజులకే మందు ఆపేసినవారిని నేను చాలామందిని చూశాను, ప్రతిసారీ బాధ కలుగుతుంది. డిప్రెషన్ మందు గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. తగ్గిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించి, వైద్యుని పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. అలవాటుగా మారే ప్రమాదం నిజంగా ఉన్నది, చీటీ లేకుండా తెచ్చుకుని వాడే నిద్రమాత్రలకు. తీవ్రత తక్కువగా ఉన్నప్పుడు మాటల ద్వారా చేసే చికిత్స ఒక్కటే సరిపోవచ్చు.

అపోహ: సెలవు పెట్టి ఊరికి వెళితే సర్దుకుంటుంది.

వాస్తవం: కొందరికి సెలవు అవసరమే. చాలామందికి మాత్రం కొంతకాలం పనిభారం తగ్గించి, రాత్రి షిఫ్టు తప్పించి, ఉద్యోగంలోనే కొనసాగనివ్వడం మేలు చేస్తుంది, ఎందుకంటే రోజుకు ఒక క్రమం ఉండటం కూడా వైద్యంలో భాగమే.

అపోహ: హెచ్‌ఆర్‌కు తెలిస్తే ఉద్యోగం పోతుంది.

వాస్తవం: ఈ భయానికి ఆధారం లేదని నేను అనను. అయితే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యతను వైద్యులపై ఉంచింది, మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని చెప్పింది. ఎవరికి ఎంత చెప్పాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

అపోహ: చావు ఆలోచనల గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.

వాస్తవం: అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపల దాచుకున్న మాట బయటకు రావడానికి దారి దొరుకుతుంది. టీమ్ లీడ్ పక్కకు పిలిచి, "ఏంటమ్మా, వారం నుంచి భోజనానికి రావడం లేదు, ఒంట్లో బాగుంటోందా?" అని మొదలుపెట్టి, సలహాలు చెప్పకుండా వినాలి. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా అని నేరుగా అడగాలి. అవునంటే ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు, ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే వెంటనే దగ్గరి ఆసుపత్రికి గానీ, హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అత్యవసర విభాగానికి గానీ తోడు వెళ్లాలి.