వాగు దాటే బండికి లోతు కన్నా వడే ప్రమాదం

హిమాచల్ ప్రదేశ్‌లోని గ్రాంఫూ నుంచి చత్రూ, బాతల్ మీదుగా స్పీతి లోయలోని కాజా వెళ్లే దారిలో, కొండల మీద కరిగిన మంచు నీళ్లు రోడ్డును కోసుకుంటూ చంద్రా నదిలోకి దిగుతాయి. వాటిని అక్కడ నాలాలు అంటారు. బైక్ మీద స్పీతికి వెళ్లేవాళ్లకు స్థానికులు ముందుగా చెప్పే మాట, నాలాలు పొద్దున్నే దాటేయమని. ఆ మాట వెనక ఎండ లెక్క ఉంది. రాత్రి చలికి మంచు కరగడం మందగిస్తుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్లు తక్కువ. ఎండ ఎక్కేకొద్దీ కరగడం జోరందుకుంటుంది. పైన కరిగిన నీళ్లు కిందికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది గనక మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ప్రవాహం పెరుగుతుంది. ఒక్క వాన చుక్క పడకపోయినా, ఉదయం పాదం మునిగిన చోట సాయంత్రానికి మోకాలు మునగొచ్చు.

ఇలాంటి దారుల కోసమే డ్యుయల్ స్పోర్ట్ బండ్లు వచ్చాయి. తారు రోడ్డు మీదా, రాళ్లలో మట్టిలోనూ నడిచే బండ్లు ఇవి. మన దేశంలో 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కైనా, 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200కైనా ఇంజిన్ అడుగుకూ నేలకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. బండి కొన్నవాళ్లలో చాలామంది ఆ అంకెను చూసి ధైర్యం తెచ్చుకుంటారు. కానీ అది రాళ్ల సంగతి చెప్పే అంకె, నీళ్ల సంగతి చెప్పదు. గట్టు మీద నిలబడి అందరూ అడిగే ప్రశ్న "ఎంత లోతుంది?" అని. నా దృష్టిలో ముందు అడగాల్సింది నీళ్లు ఎంత వడిగా పోతున్నాయని.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. నీళ్లు గాలి కన్నా సుమారు 800 రెట్లు చిక్కన. అవి బండిని పక్క నుంచి నెట్టే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వడి రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. 40 సెంటీమీటర్ల లోతులో బండి చక్రాలు, ఇంజిన్, మన కాళ్లు కలిపి నీళ్లకు అడ్డంగా ఉండే వైశాల్యం 0.4 చదరపు మీటర్లు అనుకుందాం. నీళ్లు సెకనుకు 1 మీటరు వేగంతో పోతుంటే, అంటే మనిషి నింపాదిగా నడిచే వేగంతో, బండి మీద సుమారు 20 కిలోల తోపు పడుతుంది. అదే సెకనుకు 2 మీటర్లయితే 80 కిలోలు. 3 మీటర్లయితే 180.

ఇక బండిని నిలబెట్టే బలం సంగతి. బండి 200 కిలోలు, మనిషి 80 కిలోలు అనుకుంటే మొత్తం 280. మునిగిన భాగం ఓ 40 లీటర్ల నీటిని పక్కకు నెడితే, ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం 40 కిలోల బరువు తగ్గినట్టే. మిగిలేది 240. పాచి పట్టిన గుండ్రటి రాళ్ల మీద టైరు పట్టు ఆ బరువులో మూడో వంతు కూడా ఉండదు, మహా అయితే 70 కిలోలు. అవతలి పక్క తోపు 80. ఇది అంచనా లెక్కే, బండిని బట్టి, అడుగును బట్టి మారుతుంది. అయినా మోకాలి దాకా కూడా రాని నీళ్లు మనిషితో సహా బండిని పక్కకు ఎలా జరుపుతాయో దీంతో తెలుస్తుంది. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ కూడా తమ ప్రజలను ఇలాగే హెచ్చరిస్తుంది: వడిగా పారే నీళ్లు 6 అంగుళాలుంటే మనిషిని పడేయగలవు, 12 అంగుళాలుంటే చాలా కార్లను కొట్టుకుపోగలవు.

వడిని కొలవడానికి పరికరం అక్కర్లేదు. గట్టు వెంబడి పది మీటర్లు అడుగులతో కొలిచి, ఒక పుల్లను నీళ్లలో వేసి, అది ఆ దూరం ఎంతసేపట్లో పోతుందో చూడాలి. అయిదు సెకన్లలో పోతే వడి సెకనుకు 2 మీటర్లు. అంతసేపట్లో పోయినా, ఇంకా ముందే పోయినా బండి స్టాండు వేసి, నీళ్లు తగ్గేదాకా ఆగడం మంచిది.

అడుగున ఉన్న రాళ్ల సంగతి ఇంకా విడ్డూరం. ప్రవాహం కదిలించగల రాయి బరువు, నీటి వేగపు ఆరో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని 19వ శతాబ్దంలోనే లెక్క కట్టారు. వడి రెట్టింపైతే 64 రెట్లు బరువైన రాయి దొర్లుతుందన్నమాట. పొద్దున గులకరాళ్లను మాత్రమే జరిపిన నాలా సాయంత్రం బండరాళ్లను మోసుకొస్తుంది. అందుకే నిన్న దాటినవాళ్లు చెప్పిన దారి ఇవాళ అక్కడ ఉండకపోవచ్చు. నీళ్ల అడుగున రాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే ధన్ ధన్‌మని గట్టు మీదికి వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటే బండి దిగడం తప్ప వేరే ఆలోచన పెట్టుకోకూడదు.

ఎక్కడ దాటాలన్నది కూడా నీళ్లే చెబుతాయి. ఒకే ప్రవాహం ఇరుకు చోట లోతుగానో, వడిగానో, రెండూగానో పోవాల్సిందే. వెడల్పైన చోట పలచబడుతుంది. నీళ్లు చిన్న చిన్న అలలతో గలగలమంటుంటే అడుగు దగ్గర్లో ఉందని అర్థం. నున్నగా, నిశ్శబ్దంగా కనిపించే చోటు సాధారణంగా లోతైనది. వాగు వంపు తిరిగేచోట బయటి గట్టు వైపు కోత పడి లోతవుతుంది, లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది. వీటన్నిటి తర్వాత కూడా ముందు నడిచి చూడాలి. నడవలేని నీళ్లలో నడపలేం.

మన చప్టాలకు మాత్రం ఈ చదువు సరిపోదు. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో వాన రోజున చప్టా మీద పారే నీళ్లు చూడ్డానికి పలచగా ఉంటాయి. కాంక్రీటు నున్నగా ఉండడం వల్ల అవి అక్కడ వడి పుంజుకుంటాయి, దిగువ అంచు దాటగానే గుంటలోకి దూకుతాయి. బండి ఒక మీటరు పక్కకు జరిగినా పడేది ఆ గుంటలోనే. పైగా హిమాలయ నాలాకు ఉన్నట్టు వాగు వరదకు వేళాపాళా ఉండదు, ఎక్కడో ఎగువన కురిసిన వాన గంటల తర్వాత ఇక్కడికి వస్తుంది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ఎంత ఎత్తుకు లేచిందో చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. చప్టా మీద నీళ్లు పారుతుంటే ఏ బండైనా ఆగాల్సిందే, డ్యుయల్ స్పోర్ట్ అయినా సరే.

నీళ్లలోకి దిగాక కళ్లు చేసే మోసం ఒకటుంది. పారే నీటినే చూస్తూ ఉంటే నీళ్లు ఆగిపోయి మనమే పక్కకు పోతున్నట్టు అనిపిస్తుంది. వంతెన మీద నిలబడి కిందికి చూసినా ఇంతే. ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మాక్ ఈ భ్రమ గురించి రాశాడు. బండి మీద ఉన్నవాడికి ఇది ప్రమాదం, ఎందుకంటే లేని కదలికను సరిదిద్దడానికి చేతులు హ్యాండిల్ తిప్పేస్తాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అవతలి గట్టు మీద ఒక గుర్తు పెట్టుకుని చూపు దాని మీదే ఉంచుతారు. మొదటి గేరు, నిలకడగా యాక్సిలరేటర్, మధ్యలో గేరు మార్చడం లేదు. వీడియో కోసం నీళ్లు ఎగజిమ్ముతూ దూసుకుపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ చిమ్మిన నీళ్లలో కొంత సీటు కిందికి, ఎయిర్ ఫిల్టర్ దగ్గరికి పోతుంది.

ఇంజిన్‌కు అసలు గండం అక్కడే. 400 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 10 లీటర్ల దాకా గాలి పీలుస్తుంది. ఆ గాలి వచ్చే దారి సాధారణంగా సీటు కిందో ట్యాంకు కిందో, ఎత్తులోనే ఉంటుంది. బండి నిలబడి ఉన్నంతసేపు మోకాలి లోతు నీళ్లు దాన్ని అందుకోలేవు. పక్కకు పడిందంటే మాత్రం ఆ దారి నీళ్లలో మునిగిపోతుంది. వడి బండిని పడేస్తుంది, పడిన బండి నీళ్లు తాగుతుంది. చాలా ఇంజిన్లు పోయేది లోతు వల్ల కాదు, ఇలా పడడం వల్ల.

గాలిని నొక్కితే కుంచించుకుంటుంది, నీళ్లు కుంచించుకోవు. 400 సీసీ సిలిండర్‌లో కంప్రెషన్ నిష్పత్తి 10:1 అయితే, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు సుమారు 44 మిల్లీలీటర్లు, అంటే మూడు పెద్ద చెంచాలు. అంతకు మించి నీళ్లు లోపలుంటే పిస్టన్ పైదాకా వెళ్లలేదు. ఇంజిన్ తిరుగుతున్న ఊపంతా పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి ఇంజిన్ గోడను పగలగొడుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. కాబట్టి బండి ఒరుగుతున్నప్పుడు కుడిచేతి బొటనవేలు చేయాల్సిన మొదటి పని ఇంజిన్‌ను ఆపేసే కిల్ స్విచ్ నొక్కడం.

సైలెన్సర్ మునిగిందని భయపడేవాళ్లు చాలామంది. 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి వాతావరణ పీడనంలో 3 శాతమే, నడుస్తున్న ఇంజిన్ నుంచి వచ్చే పొగ దాన్ని తేలిగ్గా నెట్టేస్తుంది. ఇంజిన్ ఆగిపోతే అప్పుడు ఆ దారిన కూడా నీళ్లు లోపలికి రావొచ్చు.

ఆగిన బండికి అక్కడే సెల్ఫ్ కొట్టడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. బండిని తోసుకొచ్చేటప్పుడు మనిషి ఎగువ వైపు ఉండాలి, దిగువన ఉంటే ప్రవాహం బండిని మన మీదికే తోస్తుంది. గట్టు మీదికి చేరాక ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి చూడాలి. అది తడిసి ఉంటే స్పార్క్ ప్లగ్ తీసి, టాప్ గేరులో వెనక చక్రం చేత్తో తిప్పితే సిలిండర్‌లోని నీళ్లు ప్లగ్ రంధ్రం గుండా బయటికొస్తాయి. ఆ తర్వాతే సెల్ఫ్.

ఏ ఇబ్బందీ లేకుండా దాటిన బండికి కూడా కొంత పని మిగులుతుంది. కాసేపు బ్రేకు తేలిగ్గా పట్టి నడిపితే డిస్కులు ఆరతాయి. చక్రం మధ్యలో వేడెక్కిన హబ్ ఒక్కసారిగా మంచు నీళ్లలో చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందుల్లోంచి నీళ్లను లోపలికి లాగుతుంది. బేరింగ్ అరుపు వెంటనే వినిపించదు, గ్రీజు పోయి తుప్పు పట్టాక, ఊరికి తిరిగొచ్చాక మొదలవుతుంది. ఇంజిన్ ఆయిల్ చూసుకునే అద్దంలో నూనె తెల్లగా చిక్కబడి కనిపిస్తే అందులో నీళ్లు కలిశాయని అర్థం, దాన్ని మార్చేదాకా బండి కదలకూడదు.