‘ఏం చేస్తది సార్, ఇంట్లనే ఉంటది’: ఇంటి పని లెక్కకు రాని కథ

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు రాసుకోవడానికి ఒక టీచరు పరకాల దగ్గర మా ఊళ్లో మా ఇంటికి వచ్చాడు. పొద్దు గూకే వేళ. వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాం. బాపు ఒక్కొక్కటే చెబుతున్నాడు. “మీ ఇంటామె ఏం పని చేస్తది?” అని అడిగితే బాపు ఆలోచించనైనా లేదు. “ఏం చేస్తది సార్, ఇంట్లనే ఉంటది” అన్నాడు. ఆయన తలూపి కాగితం మీద ఏదో అంకె వేసుకున్నాడు. అమ్మ అప్పుడు కొట్టంలో బర్రె పాలు పిండుతోంది. చెంబులో పాలధార పడే చప్పుడు మంచం దాకా వినబడుతోంది.

ఆ జవాబు జనాభా లెక్కల నియమాల ప్రకారమే తప్పని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. సొంత పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో జీతం లేకుండా చేసే పని కూడా పనేనని 1991లోనే ప్రశ్నలో చేర్చారు. 2001కి వచ్చేసరికి, ఇంట్లో తాగడానికి తీసే పాలైనా సరే, పని కిందే రాయాలని చెప్పారు. అంటే ఆ బర్రె పుణ్యాన అమ్మ ‘పనిచేసే మనిషి’గా నమోదు కావాలి. కాలేదు. ఇక పొద్దున లేచి సాన్పి చల్లడం, పొయ్యి వెలిగించడం, బాపుకు సద్ది కట్టడం, గిన్నెలు తోమడం, మమ్మల్ని సాకడం? ఇవి ఏ నియమం ప్రకారమూ పని కాదు. పాలు పిండితే పని, ఆ పాలు కాచి పిల్లకు తాగిస్తే కాదు. ఈ గీత ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు అని వెతుక్కుంటూ పోతేనే ఈ కథనం తయారైంది.

గీత గీసింది మన దగ్గర కాదు. ఇంటి పనిమనిషిని యజమాని పెళ్లి చేసుకుంటే దేశ ఆదాయం తగ్గిపోతుందని ఇంగ్లండు ఆర్థికవేత్త పిగూ వందేళ్ల కిందటే రాశాడు. పని అదే, చేసే మనిషీ ఆమే, జీతం ఒక్కటే ఆగింది. ఈ లెక్కలో ఏదో తేడా ఉందని ఆయనకు తెలుసు. దారి మాత్రం అమెరికా ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ 1934లో చూపించింది. డబ్బిచ్చి ఇంకొకరితో చేయించుకోగలిగిన పని ఏదైనా ఉత్పత్తేనని ఆమె కొలమానం. వంట చేయించుకోవచ్చు, పిల్లల్ని చూపించుకోవచ్చు. మన బదులు ఇంకొకరు నిద్రపోలేరు కాబట్టి నిద్ర ఉత్పత్తి కాదు. ఇంత తేలికైన కొలత చేతిలో ఉండి కూడా, 1953లో ఐక్యరాజ్యసమితి దేశాల ఆదాయాన్ని లెక్కగట్టే పద్ధతి తయారుచేసినప్పుడు ఇంటి చాకిరిని బయటే ఉంచింది. 1993లో దాన్ని సవరించి, ఇంటి వాడకానికి చేసుకునే వస్తువులన్నింటినీ లోపలికి తీసుకున్నారు. సేవల్ని తీసుకోలేదు. ఆ పద్ధతి ప్రకారం ఎండాకాలంలో పెట్టిన మామిడికాయ తొక్కు దేశ ఉత్పత్తిలో భాగం. బోరింగు దగ్గర నుంచి మోసుకొచ్చిన బిందెడు నీళ్లు కూడా భాగమే. ఆ నీళ్లతో వండిన పప్పు, ఆ తొక్కు వేసి పిల్లకు తినిపించిన బువ్వ భాగం కాదు.

జీతం లేని చాకిరి అంటే తెలంగాణ వాళ్లకు ఇంకో జ్ఞాపకం ఉంది. నిజాం కాలంలో దొరల గడీలకు ఒక్కో కులం ఒక్కో పని ఊరికే చేసిపెట్టాలి. వడ్లు దంచడం, నీళ్లు మోయడం, బట్టలు ఉతకడం, దొరసాని పిల్లల్ని ఎత్తుకోవడం. దొరబిడ్డ అత్తగారింటికి పోతే వెంట ఆడబాపలుగా పేదింటి ఆడపిల్లల్ని పంపేవాళ్లు. వాళ్ల బతుకంతా ఆ ఇంటి చాకిరికే. వీటన్నిటినీ జనం వెట్టి అన్నారు. అప్పటి నల్లగొండ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొరకు దక్కనివ్వకుండా నిలబడింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో వెట్టి కూలింది. వడ్లు దంచడానికీ పిల్లల్ని ఎత్తుకోవడానికీ కూలి ఉంటుందని ఈ నేల మీద జనం ఆనాడే ఒప్పించుకున్నారు. గడీలో చేస్తేనే. సొంతింట్లో అదే రోకలి పట్టుకున్న ఆడమనిషి సంగతి ఎవరూ ఎత్తలేదు. పోరాటం ఆగిపోయాక తమను ఇళ్లకు పోయి కాపురాలు చేసుకొమ్మన్నారని, ఆ మాట ఎంతో నొప్పించిందని దళాల్లో పనిచేసిన ఆడవాళ్లు ముసలితనంలో చెప్పుకున్నారు.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చేసే ఇళ్లలో ఈ గీత కళ్లకు కనిపిస్తుంది. మా చిన్నమ్మది కోరుట్ల దగ్గర. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు మూట. కత్తెరతో ఆకు కోస్తుంది, చుడుతుంది, దారం వేస్తుంది. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకునేది. చేతులు బీడీ చుడుతుంటే కాలు పిల్లను ఊపుతుండేది. పిల్ల లేస్తే చాట దించి పాలిచ్చి, పొయ్యి మీది అన్నం వార్చి, మళ్లీ చాట అందుకునేది. సాయంత్రం కంపెనీలో బీడీ కట్టలు లెక్కబెట్టి వెయ్యికింత అని రాసుకునేవాళ్లు. ఇంట్లో కూర్చుని బీడీలు చేసే వాళ్లు కూడా కార్మికులేనని 1966 చట్టం చెప్పింది. పీఎఫ్ వచ్చింది. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు పింఛనూ వచ్చింది. ఒకే గడప లోపల, ఒకే పూట, ఒకే మనిషి. చేతుల పనికి పీఎఫ్ ఉంది, కాలి పనికి పేరే లేదు.

వరంగల్ కొత్తవాడలో మగ్గాల ఇళ్లు చూసినవాళ్లకు ఇంకో రకం తెలుసు. ఇక్కడ నేసే జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మగ్గం మీద మగమనిషి, పక్కన రాట్నం ముందు ఇంటామె దారం కండెలు చుడుతుంది. కండె లేకపోతే నాడె ఆడదు. కూలి మాత్రం నేసిన లెక్కకు, నేసినాయన చేతికి. పిల్లలను బడికి తోలి, వండిపెట్టి, ఆపైన చుట్టిన కండెలు ఆ కూలిలోనే కలిసిపోతాయి.

ఇంటి పనికి రూపాయల్లో వెల కట్టాల్సిన అవసరం మన దేశంలో మొదట వచ్చింది కోర్టుల్లో. అదీ ఆ పని చేసే మనిషి చచ్చిపోయాక. యాక్సిడెంటులో పోయినవాళ్లకు నష్టపరిహారం కట్టాలంటే వాళ్ల సంపాదన ఎంతో తేల్చాలి. గృహిణికి జీతం చీటీ ఉండదు. 1994లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన షెడ్యూలు దీనికొక లెక్క చెప్పింది: సంపాదన లేని భార్య పోతే, ఆమె ఆదాయం భర్త ఆదాయంలో మూడో వంతు అనుకోవాలి. ఈ లెక్క అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నెలకు 6,000 వచ్చే కౌలు రైతు భార్య విలువ 2,000. నెలకు 60,000 వచ్చే ఇంజనీరు భార్య విలువ 20,000. కౌలు రైతు ఇంట్లో నీళ్లు మోయాలి, కట్టెలు తేవాలి, బర్రెను చూసుకోవాలి. ఎక్కువ పని చేసిన ఇంట్లోనే తక్కువ వెల.

1989లో జంషెడ్‌పూర్‌లో ఒక ఉక్కు కంపెనీ ఉత్సవంలో మంటలు చెలరేగి 60 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలే. ఆ కేసు 2001లో సుప్రీంకోర్టులో తేలింది. గృహిణుల సేవలకు మొదట ఏడాదికి 12,000 అని కట్టారు. అది మరీ తక్కువని కోర్టు నెలకు 3,000 చేసింది. రోజుకు వంద రూపాయలు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నో కేసుల్లో ఇదే 3,000 తిరిగింది.

2010లో జస్టిస్ గంగూలీ ఇంకో కేసులో తీర్పు రాస్తూ 2001 జనాభా లెక్కల సంగతి ఎత్తారు. దేశంలో దాదాపు 36 కోట్ల మంది ఆడవాళ్లను ‘పని చేయని వాళ్లు’ కింద రాసి, బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలు ఉన్న వర్గంలోనే పడేశారని తప్పుబట్టారు. నేను వెతుకుతున్న జవాబు నాకక్కడే దొరికింది. మా వాకిట్లో టీచరు వేసుకున్న అంకె చేరింది ఆ వర్గంలోకే.

2021 జనవరి 5న వచ్చిన తీర్పు ఇంకాస్త ముందుకు పోయింది. ఢిల్లీలో మోటారు సైకిల్ మీద పోతూ చనిపోయిన దంపతుల కేసు అది, ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ అందులో విడిగా తన మాట రాశారు. 2011 లెక్కల్లో ఇంటిపనే ప్రధాన పని అని చెప్పిన ఆడవాళ్లు 15.98 కోట్లు, మగవాళ్లు 57.9 లక్షలు అని చూపించారు. గృహిణికి కట్టే ఆదాయం దయ కాదని, ఆమె శ్రమకు ఇచ్చే గుర్తింపని చెప్పారు. ఉద్యోగస్తుల ఆదాయం ముందు ముందు పెరుగుతుందని లెక్కేసినట్టే గృహిణికీ వేయాలన్నారు. 2024 ఫిబ్రవరిలో ఇంకో కేసులో, రోజు కూలీ కనీస వేతనం కంటే గృహిణి ఆదాయం తక్కువని ఎలా అంటారని సుప్రీంకోర్టు అడిగింది. 3,000 నుంచి ఈ మాట దాకా రావడానికి ఇరవై మూడేళ్లు పట్టింది.

బతికున్న మనిషి పనిని కొలవడం వేరే దారిలో మొదలైంది. ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో తెలుసుకునే సర్వే 1998-99లో ఆరు రాష్ట్రాల్లో చేశారు. అందులో అప్పటి మన రాష్ట్రం లేదు. దేశమంతా చేయడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంటి పనిలో ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97 అని తేలింది. 2024లో మళ్లీ అడిగితే 289, 88. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గింది, మగవాళ్లకు తొమ్మిది తగ్గింది. ఇవి కూడా ఆ పని చేస్తామన్న వాళ్ల సగటులే. 2019లో ఇంటి పని చేస్తామన్న మగవాళ్లు నూటికి 26 మందే.

నిమిషాలకు ధర వేయాలంటే చిక్కే. ఆ పనికి బయటి మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందని చూస్తారు, లేదా ఆమె బయటికి పోయి పనిచేస్తే ఎంత వచ్చేదని చూస్తారు. 2023లో స్టేట్ బ్యాంక్ పరిశోధన విభాగం పల్లెలో నెలకు 5,000, పట్నంలో 8,000 అనుకుని లెక్కేస్తే ఏడాదికి 22.7 లక్షల కోట్లు వచ్చింది, జీడీపీలో 7.5 శాతం. అంకె పెద్దదే. కానీ ఆ 5,000 ఎక్కడిది? ఇంటి పనికి బయట ఇచ్చే కూలే చాలా తక్కువ. చులకనైన పనికి చులకన ధరతోనే వెల కట్టినట్టు అనిపిస్తుంది నాకు. పిల్లల్ని చూసుకోవడం కూడా కూలి పనేనని మన చట్టానికి తెలియక కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలో పని దగ్గరికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకు మించో వస్తే, కూలీల్లో ఒకామెను వాళ్ల దగ్గర ఉంచి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. వరంగల్ ఆ పథకం మొదటి విడత జిల్లాల్లోనే ఉంది. చెరువు గట్టున తుమ్మచెట్టు నీడలో పిల్లల్ని ఆడించిన ఆమెకు మట్టి తవ్విన ఆమెతో సమానంగా కూలి. అదే ఆమె సాయంత్రం ఇంటికి వచ్చి తన పిల్లను ఎత్తుకుంటే లేదు.

ఇప్పుడు ఆడవాళ్ల చేతికి డబ్బు అనే మాట ఎన్నికల్లో వినబడుతోంది. తమిళనాడు 2023 సెప్టెంబరులో నెలకు 1,000 ఇవ్వడం మొదలుపెట్టి, దానికి పెట్టిన పేరులోనే హక్కు అనే మాట ఉంచింది. మన దగ్గర 2023 ఎన్నికల్లో మహాలక్ష్మి పేరుతో నెలకు 2,500 హామీ ఇచ్చారు. ఆ డిసెంబరులో ఉచిత బస్సు వచ్చింది. నాకు వీటన్నిటి కంటే పెద్దదిగా కనిపించేది అదే ఏడాది జూన్‌లో మద్రాస్ హైకోర్టు చెప్పిన మాట. భర్త సౌదీలో సంపాదించి పంపిన డబ్బుతో కొన్న ఆస్తిలో, ఇంట్లో ఉండి సంసారం నడిపిన భార్యకు సగం వాటా ఉందని చెప్పింది. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో భర్తను గల్ఫుకు పంపి, అత్తమామల మందులూ పిల్లల ఫీజులూ మోసుకుంటూ ఒంటరిగా ఇల్లు నడిపే ఆడవాళ్లు ఎందరో. ఆ తీర్పు వాళ్ల కోసం రాసినట్టే ఉంటుంది. ఇలాంటి వాటా చట్టంలోకి రావాలి. మనిషి పోయాక బీమా కంపెనీ ఇచ్చే దానికంటే, ఉండగా పట్టా మీద పడే పేరు ముఖ్యం.

2027 మార్చి 1 నాటి జనాభాతో మళ్లీ లెక్కలు తీస్తున్నారు. ఈసారి మా ఇంటి వివరాలు నేనే చెబుతాను. కానీ బర్రెను అమ్మేసి నాలుగేళ్లయింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, గడ్డి మోయలేకపోయింది. చెల్లె హన్మకొండలో ఉద్యోగానికి పోతుంది కాబట్టి దాని ఇద్దరు పిల్లలు అమ్మ దగ్గరే పెరుగుతున్నారు. చిన్నదానికి రాత్రి రెండుసార్లు పాలు కలపాలి. పెద్దోన్ని పొద్దున ఎనిమిదింటికి స్కూలు బస్సెక్కించాలి. ఇప్పుడు నియమాల ప్రకారం చూసినా అమ్మ పని చేయని మనిషే.